పొగమంచుకు పొరుగు కావాలి: లండన్‌లో మోనే థేమ్స్ చిత్రాల ప్రదర్శన

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన లండన్ బొమ్మను ఏదో ఒక మ్యూజియంలో ఒంటరిగా చూసి, "రంగులు బాగున్నాయి గానీ ఏముందో తెలియడం లేదు" అనుకుంటూ ముందుకు నడిచేవాళ్లు చాలామంది. తప్పు వాళ్లది కాదు. ఆ బొమ్మలు ఒంటరిగా చూడటానికి వేసినవి కావు. 1903లో మోనే తన బొమ్మలు అమ్మే డీలరు పాల్ డ్యూరాన్-రుయెల్‌కు రాసిన ఉత్తరంలో ఆ సంగతి స్పష్టంగా ఉంది: అన్నీ కళ్లముందు ఉంటే తప్ప పని సాగదు, కాబట్టి లండన్ కాన్వాస్ ఒక్కటి కూడా ఇప్పుడు పంపలేను అని. లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీ 2024 సెప్టెంబరు 27 నుంచి 2025 జనవరి 19 వరకు 'మోనే అండ్ లండన్: వ్యూస్ ఆఫ్ ద థేమ్స్' పేరుతో పెట్టిన ప్రదర్శన బలం సరిగ్గా ఇక్కడే ఉంది. 21 కాన్వాసులు, మూడే మూడు దృశ్యాలు, ఒకే నది. ఒక బొమ్మ పక్కన ఇంకో బొమ్మ ఉండటం వల్ల ఏం జరుగుతుందో దీన్ని చూసినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

మోనేకు లండన్ కొత్త కాదు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం మొదలయ్యాక కుటుంబంతో ఇక్కడికి వచ్చి తలదాచుకున్నాడు. డ్యూరాన్-రుయెల్‌ పరిచయమైందీ ఈ ఊళ్లోనే. దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత 1899 శరత్కాలంలో ఒకసారి, 1900, 1901 సంవత్సరాల తొలి నెలల్లో మరో రెండుసార్లు వచ్చాడు. అప్పటికి పేరూ డబ్బూ ఉన్న మనిషి. నది ఒడ్డునే ఉన్న సావోయ్ హోటల్‌లో దిగాడు. మొదటిసారి ఆరో అంతస్తులో, తర్వాత ఐదో అంతస్తులో గదులు తీసుకుని బాల్కనీనే స్టూడియో చేసుకున్నాడు. మూడు రాకల్లో కలిపి దాదాపు వంద కాన్వాసులు మొదలుపెట్టి, వాటిని పెట్టెల్లో ఫ్రాన్స్‌లోని జివెర్నీలో ఉన్న తన ఇంటికి తీసుకుపోయి, మరో మూడేళ్లు వాటితోనే కుస్తీ పట్టాడు. 1904 మే, జూన్ నెలల్లో పారిస్‌లోని డ్యూరాన్-రుయెల్ గ్యాలరీలో 37 బొమ్మలు పెట్టాడు: చారింగ్ క్రాస్ బ్రిడ్జివి 8, వాటర్‌లూ బ్రిడ్జివి 18, పార్లమెంటువి 11. మరుసటి ఏడాది లండన్‌లోనూ చూపాలనుకున్నాడు గానీ కుదరలేదు. కోర్టాల్డ్ ఉన్న సోమర్‌సెట్ హౌస్ నుంచి సావోయ్ హోటల్‌కు దూరం సుమారు 300 మీటర్లు. 120 ఏళ్ల తర్వాత బొమ్మలు పుట్టినచోటికి వచ్చాయి.

ప్రదర్శన నిలిచేది ఆయన రోజు ఎలా గడిచిందో అర్థమైతేనే. సావోయ్ బాల్కనీలో నిలబడితే థేమ్స్ వంపు తిరుగుతూ కనిపిస్తుంది. ఎడమవైపు వాటర్‌లూ బ్రిడ్జి, దాని వెనక ఆవలి ఒడ్డున ఫ్యాక్టరీ గొట్టాలు. కుడివైపు చారింగ్ క్రాస్ రైలు వంతెన, దాని వెనక లీలగా పార్లమెంటు. పొద్దున్న సూర్యుడు వాటర్‌లూ వైపు ఉంటాడు కాబట్టి ఉదయం అటు, మధ్యాహ్నం నుంచి చారింగ్ క్రాస్ వైపు పని. 1900 ఫిబ్రవరి నుంచి సాయంత్రం పూట ఆవలి ఒడ్డున ఉన్న సెయింట్ థామస్ ఆస్పత్రికి వెళ్లి, అక్కడి నుంచి పార్లమెంటు వెనక పొద్దు కుంగడాన్ని వేసేవాడు. అంటే సూర్యుడు ఎప్పుడూ ఎదురుగానే. ఎదురు వెలుతురులో రాతి కట్టడమైనా, ఇనుప కమ్మీలైనా వివరం పోయి నీడముద్దలవుతాయి. ఈ శ్రేణిలో గోడలూ కిటికీలూ శిల్పాలూ కనపడకపోవడానికి పొగమంచు సగం కారణమైతే, ఈ నిలబడే చోటు మిగతా సగం.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, లండన్ గాలి ఒక్క తీరుగా పది నిమిషాలు నిలవదు. ఒక్కో వెలుతురుకు ఒక్కో కాన్వాస్ పెట్టుకున్నాడు. వెలుతురు మారగానే దాన్ని పక్కన పెట్టి, గుట్టలోంచి దానికి దగ్గరగా ఉన్న ఇంకోదాన్ని వెతకాలి. వెతికేలోపు ఆ వెలుతురూ పోయేది. 1900 మార్చిలో భార్య ఆలిస్‌కు రాసిన ఉత్తరం నాటికే రంగు పడిన కాన్వాసులు 65 దాకా ఉన్నాయి. 1901లో ప్లూరసీ (ఊపిరితిత్తుల పొర వాపు) పట్టుకుని మంచమెక్కాక మళ్లీ లండన్‌లో పని చేయలేదు. కాబట్టి ఈ బొమ్మల్లో ఏదీ పూర్తిగా అక్కడ ముగిసింది అనుకోవడానికి లేదు. సంతకం పక్కన 1903, 1904 అని ఉన్నవి కూడా 1900, 1901లలో బాల్కనీలోనో ఆస్పత్రిలోనో మొదలైనవే. ఆ తేదీ చేతిలోంచి వదిలిన రోజును చెబుతుంది, చూసిన రోజును కాదు.

పరాయి ఊళ్లో కొంతకాలం ఉండి వచ్చి బొమ్మలు పెట్టే ఏ చిత్రకారుడి ప్రదర్శనకైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: అక్కడ చూసినదెంత, ఇంటికొచ్చి తలుచుకుని కట్టినదెంత? మోనే విషయంలో ఈ ప్రశ్న అప్పట్లోనే గొడవైంది. ఫొటోలు చూసి వేశాడన్న మాట లండన్‌లో పుట్టినప్పుడు, 1905లో ఆయన డ్యూరాన్-రుయెల్‌కు కాస్త కోపంగానే రాశాడు. ఎదురుగా కూర్చుని వేశానా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేని విషయమని దాని సారాంశం. ఆయన మాట నిజమే. అయినా చూసేవాళ్లకు ఆ రెండు దశలూ కాన్వాస్ మీదే కనపడతాయి. అది చూడటం నేర్చుకుంటే ఈ ప్రదర్శన విలువ రెట్టింపవుతుంది.

మొదట బొమ్మకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడాలి. ఆ దూరంలోనే వంతెన వంతెనగా, నీళ్లు నీళ్లుగా కుదురుకుంటాయి. తర్వాత ఒక మీటరు దగ్గరికి వెళ్లి, ఎదురుగా కాకుండా పక్కనుంచి, 45 డిగ్రీల కోణంలో చూడాలి. అప్పుడు రంగు ఎత్తుపల్లాలు బయటపడతాయి. రంగు పల్చగా ఉండి, కింద కాన్వాస్ నేత కనిపించే చోట్లు ముందు దశకు ఆనవాళ్లు. అవి ఎక్కువగా అంచుల్లోనో, నీటిలోని ఖాళీల్లోనో మిగిలి ఉంటాయి. రంగు గరుకుగా, సున్నం కొట్టిన పాత గోడలా పొరలు పొరలుగా పేరుకున్న చోటు తర్వాతి దశ. కింది పొర పూర్తిగా ఆరాక, నూనె తక్కువగా ఉన్న గట్టి రంగును కుంచెతో పైపైన రాస్తే అది ఎత్తులకే అంటుకుంటుంది, పల్లాల్లోంచి పాత రంగు తొంగిచూస్తుంది. దూరం నుంచి ఈ రెండూ కలిసి కంటికి కదులుతున్న పొగలా ఆనుతాయి. తడి మీద తడి వేస్తే ఇది రాదు, రెండూ కలిసి బురదైపోతాయి. మధ్యలో ఆరడానికి రోజులు పట్టే ఈ పని హోటల్ బాల్కనీలో, పది నిమిషాల వెలుతురులో జరిగేది కాదు. మనం పొగమంచు అనుకుంటున్న దాంట్లో చాలా భాగం జివెర్నీ స్టూడియోలో పుట్టిందే.

ఒక్కోచోట పైనున్న బొమ్మతో సంబంధం లేని కుంచె గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నీళ్ల మీద అడ్డంగా ఉండాల్సినచోట వాలుగా ఒక గట్టు, ఖాళీగా ఉన్న చోట పడవంత ముద్ద. ముందు అనుకున్నదాన్ని తర్వాత కప్పేశాడన్నమాట. ఇలాంటివి వెతకడంలో ఉన్న ఆనందం ఏ ముద్రిత పుస్తకమూ ఇవ్వలేదు.

రంగుల విషయం ఇంకా ఆశ్చర్యం. 1905లోనే రాసిన మరో ఉత్తరంలో తను వాడే రంగులేవో ఆయన చెప్పాడు: సీసపు తెలుపు, కాడ్మియం పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ముదురు మ్యాడర్ (మంజిష్ఠ ఎరుపు), కోబాల్ట్ నీలం, విరిడియన్ ఆకుపచ్చ. అంతే, ఆరు. నలుపు లేదు. మసి పట్టిన ఊరి బొమ్మల్లో నలుపే లేదంటే నమ్మబుద్ధి కాదు. కోబాల్ట్ నీలంలో మ్యాడర్ కలిపితే ఊదా, దానికి తెలుపు చేర్చితే వంకాయపువ్వు రంగు. అందులో పసుపు రవ్వంత పడితే చల్లారి బూడిద రంగులోకి దిగుతుంది. పసుపు మోతాదు కాస్త మించితే పాచి రంగు వస్తుంది. ఈ గదుల్లోని బూడిద రంగులన్నీ ఇలాంటి తూకాలే. అందుకే రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి ఆకుపచ్చకూ ఇంకోటి గులాబీకీ మొగ్గుతాయి. విడిగా చూస్తే రెండూ ఒట్టి బూడిదే.

మూడు దృశ్యాల్లో వాటర్‌లూ బ్రిడ్జిదే పైచేయి. చాలావరకు 65 సెంటీమీటర్ల ఎత్తు, 100 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాసులు. కమానుల కింద నీళ్లలో వెలుగు ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి గంట మారిందో, మబ్బు మారిందో పోల్చుకోవచ్చు. వంతెన మీద ఎరుపు, పసుపు చుక్కలు బండ్లూ జనమూ. మబ్బు రోజున అవి ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి, ఎండ పొగలోంచి వచ్చినప్పుడు కలిసి వణుకుతున్న గీతైపోతాయి. వెనకున్న గొట్టాల పొగ ఆకాశంలో కలిసే చోటును ప్రతి బొమ్మలో వెతికి చూడాలి, అక్కడ గీత ఉండదు. ఇందులో ఉన్నది ఇప్పటి వంతెన కాదు. జాన్ రెన్నీ కట్టగా 1817లో తెరిచిన తొమ్మిది కమానుల రాతి వంతెన. దాన్ని 1930ల్లో కూల్చేశారు.

చారింగ్ క్రాస్ బొమ్మలు మొదటి చూపుకు బోసిగా ఉంటాయి. అడ్డంగా ఒక ఇనుప గీత, దానిమీద రైలు వదిలిన ఆవిరి ముద్దలు, వెనక పార్లమెంటు నీడ. వీటిలో తప్పక చెప్పుకోవాల్సింది కెంట్‌లోని చార్ట్‌వెల్ ఇంటి నుంచి వచ్చిన కాన్వాస్. 1949లో విన్‌స్టన్ చర్చిల్‌కు కానుకగా అందిన బొమ్మ ఇది. ఈ ప్రదర్శన కోసం దీన్ని శుభ్రం చేశారు. పేరుకున్న మురికి, పసుపెక్కిన వార్నిష్ పోయాయి. ఇలాంటి బొమ్మకు పాత వార్నిష్ ఎంత చేటో ఊహించడం కష్టం కాదు. ఊదా రంగు మీద పసుపు పొర పడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మట్టి రంగవుతుంది. బొమ్మంతా ఊదా మీదే నిలబడినప్పుడు, వార్నిష్‌తో పాటు బొమ్మే పోయినట్టు. మోనే లాంటి, మారే వెలుతురును వేసే ఇంప్రెషనిస్టు చిత్రకారుల్లో చాలామంది వార్నిష్ వద్దనుకోవడానికి ఈ భయమూ ఒక కారణం.

పార్లమెంటు బొమ్మలు దాదాపు అన్నీ ఒకే కొలత, సుమారు 81 × 92 సెంటీమీటర్లు, చదరానికి దగ్గర. చోటు ఒకటే, కట్టడం ఒకటే, కొలత ఒకటే కావడంతో మారేది గాలి మాత్రమే. ఒక బొమ్మలో విక్టోరియా టవర్ నీలం ముద్ద, పక్కదాంట్లో పొద్దు నిప్పుకణంలా దాని వెనక మండుతుంటే అదే టవర్ వంకాయ రంగు. ఇంకోదాంట్లో టవర్ మొదలు నీళ్లలో ఎక్కడ మునిగిందో తెలియదు. ఊహతో వేశాడని వీటిని తోసిపుచ్చడానికి లేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బేకర్, థోర్న్స్ అనే పరిశోధకులు 2006లో ఈ బొమ్మల్లో సూర్యుడున్న చోటును టవర్లతో పోల్చి లెక్కకట్టి, అది ఆస్పత్రి దగ్గర నుంచి ఆ రోజుల్లో నిజంగా కనిపించే స్థానానికి సరిపోతోందని చూపించారు. రంగు స్టూడియోలో ఎంత మారినా, సూర్యుడు మాత్రం చూసినచోటే నిలిచాడు.

పొగమంచు అంటున్నాం గానీ, అది మంచు కాదు, చాలావరకు బొగ్గు పొగ. ఇళ్ల పొయ్యిలూ ఫ్యాక్టరీలూ రైళ్లూ కలిసి చేసిన పని. 1900 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న లేచి చూస్తే పొగ జాడే లేదని, ఇక బొమ్మలు మట్టికొట్టుకుపోయినట్టేనని మోనే బెంబేలెత్తాడు. తర్వాత పొయ్యిలు ఒక్కొక్కటే అంటుకుని పొగ తిరిగొచ్చాక ఊపిరి పీల్చుకున్నాడు. ఈ సంగతి ఆలిస్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. గాలిలో తేలే సన్నని కణాలు వెలుతురును చెదరగొడితే దూరపు వస్తువుల అంచులు చెరిగిపోతాయి, నలుపు తెలుపుల తేడా తగ్గుతుంది, అంతా తెల్లబారుతుంది. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్, మోనే బొమ్మల్లో ఈ మార్పును కొలిచి, ఆ కాలపు గంధక కాలుష్యం పెరుగుదలతో అది కలుస్తోందని ఆల్‌బ్రైట్, హైబర్స్ 2023లో ఒక పరిశోధన ప్రచురించారు. మోనేకు కంట్లో శుక్లాలు ఉండబట్టి అంతా మసకగా వేశాడనే మాట మాత్రం ఈ శ్రేణికి అతకదు. శుక్లాలు ఉన్నాయని తేలింది 1912లో. థేమ్స్ బొమ్మలు అప్పటికి ఎనిమిదేళ్ల ముందే అమ్మకానికి వెళ్లాయి.

ఇంత మెచ్చుకున్నాక లోటు కూడా చెప్పాలి. కోర్టాల్డ్ ప్రదర్శన గదులు పెద్దవి కావు. నాలుగైదు మీటర్ల దూరం కావాల్సిన బొమ్మలకు ఇది పెద్ద చిక్కు. నలుగురు అడ్డు నిలబడితే చాలు, పొగమంచు కుదురుకునే దూరమే దొరకదు. ఇలాంటి ప్రదర్శనకు పొద్దున్నే తెరవగానే గానీ, మూసే ముందు చివరి గంటలో గానీ వెళ్లడం మేలు. 21 బొమ్మలకు గంటన్నర పెట్టుకోవాలి. వరుసలో నడవకుండా, ముందు ఒక చుట్టు దూరం నుంచి తిరిగి, జతగా అనిపించిన రెండేసి బొమ్మలను ఎంచుకుని, రెండో చుట్టులో వాటి మధ్యే అటూ ఇటూ తిరగడం మంచి పద్ధతి. ఇంకో సంగతి ఫ్రేములు. అరువుకు వచ్చే బొమ్మ దాని సొంత ఫ్రేముతోనే వస్తుంది. చెక్కుడు పనితో మెరిసే బంగారు ఫ్రేము పక్కన చిన్న నారింజ సూర్యుడు వెలవెలబోతాడు. చేతిని కళ్ల పక్కన గొట్టంలా పెట్టి ఫ్రేము కనపడకుండా ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. గాజు పలక ఉన్న బొమ్మ ముందు ముదురు రంగు బట్టలు వేసుకున్నవాళ్లకు ప్రతిబింబం బెడద తక్కువ.

ఫోన్ కెమెరా వీటికి శత్రువు. ఊదా మొగ్గున్న దృశ్యాన్ని చూసి వెలుతురు రంగు తేడాగా ఉందనుకుని, ఫోన్ దానంతటదే సరిచేసి ఒట్టి బూడిద చేస్తుంది. పైగా మసకను పదును పెట్టి, చిత్రకారుడు వేయని అంచులు తెస్తుంది. గుర్తుకోసం తీయాలనుకుంటే ఆటోమేటిక్ రంగు సవరణ ఆపి, బొమ్మతో పాటు పక్కన తెల్ల గోడ కొంచెం వచ్చేలా తీయాలి. తర్వాత ఆ గోడను కొలబద్దగా పెట్టుకుని రంగు సరిచూసుకోవచ్చు. దుకాణంలో దొరికే పోస్టర్లతోనూ ఇదే సమస్య. అచ్చులో మొదట పోయేది లేత ఊదాలూ లేత పచ్చలే.

ప్రదర్శన ముగిసినా, బయట నడక ఎవరైనా ఎప్పుడైనా చేయవచ్చు. సోమర్‌సెట్ హౌస్ నుంచి నది ఒడ్డుకు దిగి విక్టోరియా ఎంబాంక్‌మెంట్ వెంట పడమరకు నడిస్తే సావోయ్ వెనక భాగం, క్లియోపాట్రా నీడిల్ అనే పాత ఈజిప్టు రాతి స్తంభం దాటి రైలు వంతెన వస్తుంది. వంతెన అదే గానీ, 2002 నుంచి దానికి రెండు వైపులా కాలినడక వంతెనలు ఉన్నాయి. వాటి మీదుగా దక్షిణపు ఒడ్డుకు వెళ్లి, ఆ ఒడ్డు వెంటే వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి మొదలును దాటి ముందుకు నడిస్తే సెయింట్ థామస్ ఆస్పత్రి ముందు నదీ తీరపు దారి. తీరిగ్గా నడిచినా గంట పట్టదు. ఫిబ్రవరి మధ్యలో సాయంత్రం ఐదు దాటాక పొద్దు పార్లమెంటు వెనక దిగుతుంది. 1956 నాటి స్వచ్ఛ గాలి చట్టం తర్వాత బొగ్గు పొగ పోయింది కాబట్టి టవర్ల మీద చెక్కడాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. మోనే అయితే ఆ రోజు కుంచె ముట్టేవాడు కాదు.

లండన్ దాకా వెళ్లలేనివాళ్లు జతగా చూడగలిగే చోట్లు ఇంకా ఉన్నాయి. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో మూడు దృశ్యాలవీ ఉన్నాయి, వాటర్‌లూ బ్రిడ్జివైతే మబ్బుదీ ఎండదీ రెండూ. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో వాటర్‌లూ, పార్లమెంటు రెండూ ఉన్నాయి. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో పొగలో మునిగిన పార్లమెంటు, బ్రూక్లిన్ మ్యూజియంలో ఎండ తగిలిన పార్లమెంటు. రెండూ ఒకే రోజు చూస్తే సగం ప్రదర్శన చూసినట్టే. యూరప్‌లో పారిస్‌ ఓర్సే మ్యూజియం, లీల్, లె హావ్ర్‌లలో తలా ఒక పార్లమెంటు, మ్యాడ్రిడ్‌ థిస్సెన్‌లో 1899 నాటి చారింగ్ క్రాస్, డబ్లిన్‌ హ్యూ లేన్ గ్యాలరీలో 1900 నాటి వాటర్‌లూ ఉన్నాయి. ఈ బొమ్మలు అరువుకు తరచూ ఊళ్లు తిరుగుతుంటాయి, కొన్నిసార్లు గోదాములో ఉంటాయి. బయల్దేరే ముందు ఆ వారం గోడమీద ఉన్నాయో లేదో ఆయా మ్యూజియాల వెబ్‌సైట్లలో చూసుకోవాలి.